సమాధానం ఏ వరుస దగ్గర ఆగిపోతోంది?

ఖమ్మం జిల్లాలోని ఒక గ్రామం నుంచి 48 ఏళ్ల సోదరి ఒకరు రాసిన ఉత్తరం ఇది. తమ సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో ఆమె ఆరేళ్లుగా స్త్రీల మైత్రికి, అంటే సంఘంలోని ఆడవారి సమాజానికి, అధ్యక్షురాలు. మైత్రి కూడికకు పది మంది కూడా రావడం లేదని, సాక్ష్యం చెప్పేవారు కరువయ్యారని, కోత పండుగ వేలంలో గుమ్మడికాయ పాడుకునేవారు కూడా లేరని, మూడేళ్లు కాయని అంజూరపు చెట్టులా సంఘం ఎండిపోయిందని ఆమె బాధ. పట్నంలో ఆత్మీయంగా వర్ధిల్లుతున్న ప్రార్థన మందిరానికి పిల్లలతో సహా మారదామంటే భర్త ఒప్పుకోవడం లేదట. "ఫలించని సంఘంలో కొనసాగడం పాపం కాదా?" అన్నది ఆమె ప్రశ్న. ఉత్తరం చివర నాలుగు వాక్యాల్లో మరొక సంగతి ఉంది. అత్తగారు తన నాలుగు బంగారు గాజులను ఈమె కూతురి నర్సింగ్ చదువుకు ఇచ్చి, ఎవరికీ చెప్పవద్దన్నారు. గాజులు కాజేసిందని పెద్ద తోటికోడలు పదిమందిలో అన్నది. రెండేళ్లుగా ఇద్దరికీ మాటలు లేవు. ఆరు నెలల క్రితం అత్తగారు పెద్ద కొడుకు ఇంటికి వెళ్లిపోయారు. అప్పటినుంచి ఈమె ఆ గడప తొక్కలేదు.

సోదరీ,

సంఘం మారడం పాపం కాదు. అయితే మీవారు వద్దంటుండగా పిల్లలను వెంటబెట్టుకుని మారడం మంచిది కాదు. మీ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కరలేదు, ఎందుకంటే మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ ప్రశ్న కాదని మీ ఉత్తరమే చెబుతోంది. మీ తోటికోడలిని మొదటినుంచి చివరిదాకా "ఆవిడ" అనే రాశారు. ఇరవై రెండేళ్లు ఒకే ఇంటి కోడళ్లుగా ఉండి, ఒకరి కాన్పుకు ఒకరు కాపు కాసినవారు, "అక్క" అన్న పిలుపును ఒక్కసారి కూడా కాగితం మీద పెట్టలేకపోయారంటే, ఎండిపోయినది ఏ చెట్టో నాకు వేరే చెప్పనక్కరలేదు.

ఆమె మీ వరుసలో కూర్చుంటే మీరు లేచి మరో వరుసకు మారతారని కూడా రాశారు. మన సి.ఎస్.ఐ. సంఘంలో 1950లో సిద్ధమైన ప్రభురాత్రి భోజన క్రమంలో సమాధానాన్ని, అంటే ప్రభువు శాంతిని, చేతినుంచి చేతికి అందించుకునే పద్ధతి ఒకటి ఉన్నది. బల్ల దగ్గర మొదలైన ఆ సమాధానం అరచేతిలో అరచేయి ఉంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ గుడి చివరి వరకూ రావాలి. అధ్యక్షురాలు లేచి పక్క వరుసకు వెళ్లిపోతే అది ఎక్కడ ఆగుతుందో, వెనుక కూర్చున్న ఆడవారందరికీ కనబడుతుంది. మైత్రి కూడికకు వారెందుకు రావడం లేదని అయ్యగారిని, అంటే మీ పాస్టరుగారిని, అడిగారట. ఇద్దరు కోడళ్లలో ఎవరి వైపు కూర్చోవాలో తెలియని స్త్రీలు ఇంట్లోనే ఉండిపోవడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

గాజుల విషయంలో మీరు దొంగతనం చేయలేదు. ఆ బంగారం అత్తగారిది, మనవరాలి చదువుకు ఇవ్వడం ఆమె ఇష్టం, దాన్ని తిరిగి ఇచ్చేయమని ఎవరైనా సలహా చెబితే వినకండి. చేయని తప్పుకు క్షమాపణ అడగడం వినయమని నేను ఎన్నడూ నమ్మలేదు. అలాంటి క్షమాపణ అడిగినవారి మనసులోనే పుండుగా మిగిలిపోతుంది. అయితే చేసిన తప్పు ఒకటి ఉంది. ఉమ్మడి ఇంట్లో పెద్దకోడలికి తెలియకుండా అత్తగారి చేతి గాజులు మాయమైతే ఆమె ఏమనుకుంటుందో మీకు తెలియనిది కాదు. "చెప్పవద్దు" అని అత్తగారు అన్నప్పుడు, "అక్కకు మాత్రం చెప్పనివ్వండి అత్తయ్యా" అనవలసింది మీరే. వృద్ధురాలి మాటను చాటు చేసుకుని రెండేళ్లు మౌనంగా ఉండడం వల్ల, నింద మోసింది మీరే అయినా, అవమానపడినది మీ తోటికోడలు కూడా.

నన్ను అన్నిటికంటె బాధపెట్టినది మరొకటి. ఆమె పేరు చెప్పకుండా, "ఒక సహోదరి కఠిన హృదయం మారాలని" ఉపవాస ప్రార్థనలో ప్రార్థన అంశంగా పెట్టానని రాశారు. ఆ ఊళ్లో ఆ సహోదరి ఎవరో తెలియనివారు ఒక్కరైనా ఉన్నారా? ఆమె పదిమందిలో మిమ్మల్ని అన్నదానికీ, మీరు పదిమందిలో ఆమెను దేవునికి అప్పగించినదానికీ తేడా నాకు తోచడం లేదు. తప్పు చేసిన సహోదరుని దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుసను మైత్రిలో మీరే బోధించి ఉంటారు. మీరు అయ్యగారితో మొదలుపెట్టి, ప్రార్థన కూడిక దాకా వెళ్లి, ఆమె ఇంటికి మాత్రం వెళ్లలేదు.

మీ డోర్నకల్ అధ్యక్ష మండలపు మొదటి బిషప్ అజరయ్య గారు, ఆ బాధ్యత చేపట్టడానికి రెండేళ్ల ముందు, 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల ఎదుట నిలబడి, మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఎంతో సేవ చేసిన పెద్దవారిని ఆయన అడిగినది అదొక్కటే. ఆరేళ్లు సేవ చేసిన మిమ్మల్ని, మీ తోటికోడలి తరఫున, నేను కూడా అదే అడుగుతున్నాను. మీరు నడిపే సమాజానికి పెద్దలు మైత్రి అని పేరు పెట్టారు కదా.

ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానాన్ని మీరు సగంలో ఆపేశారు. నరికివేయమన్న యజమానికి తోటమాలి అడ్డుపడి, ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. తవ్వవలసిన చోటు మీ ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉన్నది.

ఆదివారం వద్దు, గుడి దగ్గర అసలే వద్దు, అయ్యగారినీ అమ్మగారినీ వెంట తీసుకువెళ్లవద్దు. పనిరోజు మధ్యాహ్నం, మగవారు పొలాల్లో ఉన్న వేళ, ఒక్కరే వెళ్లండి. "అక్కా, గాజులు అత్తయ్య మన అమ్మాయి ఫీజుకు ఇచ్చింది, నీకు చెప్పకపోవడం నా తప్పు, నీ గురించి కూడికలో ప్రార్థన పెట్టడం ఇంకా పెద్ద తప్పు" అనండి. దొంగ అన్న మాట మిమ్మల్ని ఎంత కోసిందో కూడా చెప్పండి. దాన్ని దాచుకుంటే సమాధానపడినట్టు కాదు. సాక్ష్యం చెప్పమని అత్తగారిని మధ్యలోకి లాగవద్దు, 80 ఏళ్ల మనిషిని ఇద్దరు కోడళ్ల మధ్య బోనులో నిలబెట్టడం మహాపాపం. ఆరు నెలలుగా ఆమెకు నీళ్లు పోసి, మందులు వేసి, రాత్రుళ్లు లేస్తున్నది మీ తోటికోడలే కాబట్టి, వచ్చే నెలనుంచి వంతు మీరు తీసుకుంటానని అక్కడే చెప్పండి.

ఆమె తలుపు వేయవచ్చు. వేస్తే మీరు బతిమాలనక్కరలేదు, కానీ అత్తగారిని చూడడం మాత్రం మానవద్దు; వారానికి రెండుసార్లు వెళ్లి, ఎవరు పలకరించినా పలకరించకపోయినా, ఆమె మంచం పక్కన కూర్చుని రండి. మైత్రి అధ్యక్ష పదవిని కొంతకాలం మరొకరికి అప్పగించే మాట కూడా అయ్యగారితో ఆలోచించండి, ఈ పనికి మీకు తీరిక కావాలి.

ప్రభురాత్రి భోజనం ఉండే వచ్చే సంస్కారపు ఆదివారం లోపే బయలుదేరండి. అత్తగారికి కుడి చెవి వినబడదని రాశారు. ఎడమ పక్కన కూర్చోండి.