మాట రాని బిడ్డకు ముందు చెవి పరీక్ష

ప్రశ్న: మాది చిత్తూరు. బాబుకు 19 నెలలు. ‘అమ్మ’, ‘అత్త’, నీళ్ళకు ‘తన్ని’... ఈ మూడు తప్ప ఇంకో మాట రాలేదు. మాది మేనరికం. పుట్టినప్పుడు పచ్చకామెర్లు బాగా ఎక్కువై వారం రోజులు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంచారు. తలుపు చప్పుడైతే తిరిగి చూస్తాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని ఇంట్లో అంటారు. ఫోన్ చూపిస్తే తప్ప అన్నం తినడు. మా అత్తగారు తమిళం, మేము తెలుగు మాట్లాడతాం. రెండు భాషల వల్లే బిడ్డ తికమక పడుతున్నాడని చుట్టాలు అంటున్నారు. ‘వాళ్ళ నాయనకు మూడేళ్ళకు గాని మాటలు రాలేదు, ఊరికే ఉండు’ అంటారు అత్తగారు. నేను ఉద్యోగానికి పోవడమే కారణమని కూడా ఒక మాట పడింది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు ఉద్యోగానికి పోవడం వల్ల బిడ్డకు మాట ఆగదు. పగలంతా అవ్వ దగ్గరున్నా, ఆమె మాట్లాడుతుంటే, ఆడిస్తుంటే చాలు. ఆ భారం మనసులోంచి దించుకోండి. కానీ ‘ఊరికే ఉండు’ అన్న సలహా మాత్రం వినకండి. మీ ఉత్తరంలో మేనరికం, పచ్చకామెర్లు, ఎన్‌ఐసీయూ మూడూ ఉన్నాయి. మూడూ వినికిడికి సంబంధించినవే. దగ్గరి సంబంధంలో పెళ్ళయిన జంటల పిల్లల్లో వంశంగా వచ్చే చెవుడు కొంత ఎక్కువ. ఇది మీ తప్పని చెప్పడం లేదు, డాక్టరుకు దాచకుండా చెప్పాల్సిన సంగతి అని చెబుతున్నాను.

తలుపు చప్పుడుకు తిరగడం వినికిడికి రుజువు కాదు. తలుపు వేస్తే మోతతోపాటు నేల అదురుతుంది, గాలి కదులుతుంది, నీడ పడుతుంది. పైగా బొంగురు శబ్దాలు వినబడి ‘స’, ‘ష’, ‘త’ లాంటి సన్నని శబ్దాలు వినబడని పిల్లలు ఉంటారు. వాళ్ళు పిలిస్తే పలుకుతారు, అయినా మాట స్పష్టంగా చెవికి చేరదు. పళ్ళెం మీద గరిటెతో కొట్టి చూసే ఇంటి పరీక్షతో ఇది బయటపడదు.

ఆసుపత్రిలో రెండు పరీక్షలు అడగండి. మొదటిది ఓఏఈ, లోపలి చెవి పనితీరు చూసే పరీక్ష. చెవిలో చిన్న గొట్టం పెట్టి కొన్ని నిమిషాల్లో చేస్తారు, నొప్పి ఉండదు. జలుబు చేసి ఉంటే, గుబిలి ఉంటే, కర్ణభేరి వెనక నీరు చేరి ఉంటే ఫలితం తప్పుగా రావచ్చు. కాబట్టి జలుబు తగ్గాక వెళ్ళండి. ‘రిఫర్’ అని రాస్తే చెవుడని కాదు, మళ్ళీ చూడాలని అర్థం. రెండోది బెరా, శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే పరీక్ష. మీ బిడ్డకు ఇది తప్పనిసరి. ఓఏఈ లోపలి చెవి ఎలా పనిచేస్తోందో మాత్రమే చెబుతుంది. పచ్చకామెర్లు తీవ్రమైతే దెబ్బ తినేది ఎక్కువగా చెవి నుంచి మెదడుకు పోయే నరం. ఆ నరం సంగతి బెరాలోనే తెలుస్తుంది. ఓఏఈ ‘పాస్’ అని రాగానే ఇంటికి వచ్చేస్తే అసలు లోపం దాగిపోతుంది. బెరాకు బిడ్డ నిద్రపోవాలి. ఆ రోజు పొద్దున తొందరగా లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్ళండి. నిద్రమందు ఇస్తారా, ఎన్ని గంటలు ముందు నుంచి పాలు, అన్నం ఆపాలో ముందురోజే అడిగి పెట్టుకోండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, పిల్లల డాక్టరు చీటీతో తిరుపతి రుయా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి గాని, అక్కడే ఉన్న స్విమ్స్ ఆసుపత్రికి గాని వెళ్ళవచ్చు. మీ అంగన్‌వాడీ టీచరుకూ చెప్పండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను ఉచితంగా పరీక్షించి, లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపుతారు. వినికిడి లోపం తేలితే తిరుపతిలో టీటీడీ నడిపే ‘శ్రవణం’ ఉంది. అక్కడ అలాంటి చిన్నపిల్లలకు తల్లులను పక్కన పెట్టుకుని మాట నేర్పుతారు.

వినికిడి బాగానే ఉందని తేలినా పని అయిపోలేదు. 16 నెలలకు కొన్ని మాటలు, రెండేళ్ళకు సుమారు 50 మాటలు, ‘అమ్మా రా’ లాంటి రెండు మాటల జోడింపు రావాలి. అయితే మాటల లెక్క కన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. ‘చెప్పు తీసుకురా’ అని, చేత్తో సైగ చేయకుండా చెబితే తెస్తున్నాడా? కావలసినదాన్ని వేలు పెట్టి చూపుతున్నాడా? ఏమీ అక్కర్లేకపోయినా, మీతో పంచుకోవాలని విమానాన్నో, కుక్కనో చూపి మీ మొహంలోకి చూస్తున్నాడా? ఉత్త గ్లాసు ఎత్తి తాగినట్టు ఆడుతున్నాడా? ఇవన్నీ ఉంటే మాట వెనకబడ్డా దారి తెరిచే ఉంది. ఇవి లేకపోతే, లేదా పిలిస్తే పలకకపోతే ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూసే ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పరీక్ష చేయమనండి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం చేసిందది. జబ్బును తేల్చేది కాదు, ఇంకా లోతుగా చూడాలా అన్నది చెబుతుంది. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసులోనైనా ఒక్క వారం కూడా ఆగవద్దు.

రెండు భాషల గురించి నిశ్చింతగా ఉండండి. రెండు భాషల ఇంట్లో పెరగడం వల్ల మాట ఆలస్యం కాదు. ‘తన్ని’ తమిళమైనా అది ఒక మాటే, లెక్కలోకి వస్తుంది. ఆవును చూసినప్పుడల్లా ‘అంబా’ అంటే అదీ మాటే. అత్తగారిని తమిళం మానేయమనకండి. వచ్చీరాని తెలుగులో తక్కువ మాట్లాడే అవ్వ కన్నా, తన భాషలో నోరారా మాట్లాడే అవ్వ బిడ్డకు మేలు.

ఫోన్ సంగతి వేరు. రెండేళ్ళ లోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప తెర వద్దని మన పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చెబుతోంది. ఫోన్ బిడ్డ జవాబు కోసం ఆగదు, వాడి గొంతుకు మారు పలకదు. పైగా రోజుకు మూడు పూటలా అన్నం దగ్గర జరగాల్సిన ముచ్చట అంతా పోతుంది. ఒక్కసారిగా మానేయండి. కొన్నాళ్ళు ఏడుస్తాడు, తక్కువ తింటాడు. అరగంట కూర్చోబెట్టి, తినకపోతే పళ్ళెం తీసేసి, తర్వాతి పూటకు పెట్టండి. ఆ కొన్నాళ్ళలో మనసు కరిగి ఇంట్లో ఎవరైనా ఒక్కసారి ఫోన్ ఇచ్చారంటే ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. అందుకే మొదలుపెట్టే ముందే అత్తగారిని, మీవారిని ఒప్పించండి.

ఉద్యోగం నుంచి వచ్చాక రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు చాలు. వాడి కళ్ళకు ఎదురుగా నేల మీద కూర్చోండి. వాడు దేన్ని చూస్తుంటే దాని గురించే చిన్న మాటల్లో చెప్పండి. ‘తన్ని’ అంటే ‘తన్ని కావాలా? చల్లని తన్ని’ అని ఒక మాట చేర్చి ఇవ్వండి. అరటిపండు, బిస్కెట్ రెండూ చూపి ‘పండా, బిస్కెట్టా?’ అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. చాలామంది తప్పేది ఇక్కడే, బిడ్డ నోరు తెరిచేలోపు మనమే ఇచ్చేస్తాం. చూపు తిప్పినా, వేలు పెట్టినా జవాబుగా తీసుకుని ఆ మాట మీరు పలికి ఇవ్వండి. ‘చెప్పు, చెప్పితేనే ఇస్తా’ అని పంతం పట్టకండి. బిడ్డ మొండికేస్తాడు.

నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయని ఎవరైనా అనవచ్చు. నాలుక అంటుకుని ఉంటే కొన్ని అక్షరాలు తేడాగా పలకవచ్చేమో గాని, మాటే రాకపోవడానికి అది కారణం కాదు. వసకొమ్ము అరగదీసి నాకించడమూ వద్దు. అది మాట తెప్పించదు, మోతాదు మించితే వాంతులవుతాయి.

అత్తగారితో వాదం పెట్టుకోకుండా ఆమెను వెంటబెట్టుకుని పరీక్షకు వెళ్ళండి. ‘మీ కొడుకు ఆలస్యంగా మాట్లాడాడు కదా, ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి’ అనండి. అది నిజంగా డాక్టరుకు కావలసిన సమాచారమే. ఇంటి నుంచి ఎన్‌ఐసీయూ డిశ్చార్జి కాగితాలు, కామెర్ల రిపోర్టులో ఉన్న బిలిరుబిన్ అంకె, వాడు అనే మాటల జాబితా, ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన రెండు నిమిషాల వీడియో తీసుకెళ్ళండి. కొత్త చోట చాలామంది పిల్లలు నోరు విప్పరు. అప్పుడు ఆ వీడియోనే డాక్టరుకు ఆధారం.