కడుపు కుదుటపడనీ నాయనా, పచ్చి మాంసం సంగతి తర్వాత

నాయనా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది సగం విన్నాను, సగం మీ పెదనాన్న టీవీ గోలలో పోయింది. నాకు అర్థమైందేమిటంటే, మీ కుక్క చింటూగాడు కడుపు చెడి మూడు రోజులు సెలైన్ మీద ఉండి ఇంటికొచ్చాడు, ఇప్పుడు నువ్వు వాడికి ప్యాకెట్ మేత మానిపించి రేపటి నుంచే పచ్చి చికెన్ మొదలుపెడతానంటున్నావు. ఎవరో ఫ్రెండు చెప్పాడట, వాళ్ల కుక్కకు పచ్చిది పెట్టాక బొచ్చు మెరుస్తోందట. మెరిస్తే మెరిసింది గానీ, రేపటి నుంచి మాత్రం వద్దు. ఎందుకు వద్దో, ఎప్పుడు పెట్టొచ్చో, పెడితే ఎట్లా పెట్టాలో తీరిగ్గా రాస్తున్నా. ఫోన్లో చెప్తే ఊ కొట్టి మర్చిపోతావు.

ముందు నా తప్పు చెప్తాను. మా కుక్క నల్లోడు నీకు గుర్తుండడు, అప్పుడు నువ్వు ఇంకా నిక్కర్లేసుకుని తిరిగేవాడివి. గంగమ్మ జాతర మరుసటి రోజు వీధంతా విస్తర్లు, ఉడికిన మటన్ ఎముకలు. గేటు తీసి ఉన్న అయిదు నిమిషాల్లో వీడు పోయి దొరికినంత తినేసి వచ్చాడు. రాత్రికి వాంతులు, తెల్లారేసరికి నెత్తుటి విరేచనాలు, అచ్చం సీసాలో ఎర్ర జామ్ ఒలికినట్టు. డాక్టరుగారు రెండు రోజులు సెలైన్ పెట్టి లేపారు. నాలుగో రోజు పక్కింటావిడ వచ్చి, నీరసంగా ఉన్నాడు కదా, ఇంత పచ్చి కార్జం పెట్టు, రక్తం పడుతుంది అంది. పెట్టాను. గుప్పెడే పెట్టాను, వాడు తోక ఊపుకుంటూ తిన్నాడు, నాకెంత సంతోషమో. రాత్రి పదకొండుకు మళ్లీ మొదలు. మళ్లీ అదే ఆసుపత్రి, అదే సెలైన్, ఈసారి డబ్బులు రెట్టింపు. డాక్టరుగారు తిట్టలేదు గానీ ఒక మాటన్నారు: "బాలింతకు మూడో రోజు ఆవకాయ అన్నం పెడతావామ్మా?"

అప్పుడు తెలిసింది నాకు, కుక్కకైనా పథ్యం పథ్యమే అని. అంత విరేచనం పట్టినప్పుడు పేగు లోపలి పొర చాలాచోట్ల ఊడిపోతుంది. మంచి తువ్వాలుకు నూగు ఉంటుంది చూడు, పేగు లోపల అట్లాంటి నూగు ఉంటుంది, తిన్నదాన్ని పీల్చేది అదే. అది అరిగిపోయి బోసిగా ఉన్నప్పుడు మాంసంలో వచ్చిన సాల్మొనెల్లా, ఈ.కోలి లాంటి సూక్ష్మక్రిములు సులువుగా రక్తంలోకి దిగొచ్చు. పైగా యాంటీబయాటిక్‌తో కడుపులో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతిని ఉంటుంది. కుక్క కడుపులో యాసిడ్ గట్టిది, ఏం పడినా అరిగించుకుంటుంది అంటారే, అది చాలావరకు నిజమే, కానీ పొద్దున పరగడుపున నువ్వు వేస్తున్న చిన్న మాత్ర ఏమిటనుకున్నావు? ఆ యాసిడ్‌ను తగ్గించేదే కదా! కాపలావాణ్ని సెలవు మీద పంపించి తలుపు బార్లా తీసినట్టు. ఆ మాత్ర నడిచినన్నాళ్లు పచ్చిది ఊసే ఎత్తొద్దు.

ఇంకో సంగతి. డిశ్చార్జి చీటీ బయటికి తీసి జబ్బు పేరు చదువు. మామూలు గ్యాస్ట్రోఎంటరైటిస్, అంటే కడుపు, పేగుల వాపు అని ఉంటే ఒక దారి, ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు అని ఉంటే దారే వేరు. రెండోదైతే కొవ్వు వాడికి శత్రువు, చర్మంతో ఉన్న చికెన్, మటన్ కొవ్వు, వెన్న, నెయ్యి ఏదీ తగలకూడదు, పచ్చిదైనా ఉడికిందైనా. పార్వో అయితే పేగుకు పట్టిన దెబ్బ ఇంకా లోతుగా ఉంటుంది, ఆ వైరస్ ఇంటి నేల మీద, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కూడా, కాబట్టి టీకాలు పూర్తికాని పిల్ల కుక్కల్ని మీ వాకిట్లోకి రానీయకు. చీటీ మీద రాత అర్థంకాకపోతే ఫోటో తీసి నాకు పంపొద్దు, నాకూ అర్థం కాదు. మీ తిరుపతిలోనే వెటర్నరీ కాలేజీ ఉంది కదా, 1955 నుంచీ ఉంది, దాని ఆసుపత్రికి తీసుకెళ్లి అడుగు.

ఇప్పుడు ఏం పెట్టాలంటావా? తోలు తీసిన చికెన్, ఎముకల్లేకుండా, ఉత్త నీళ్లలో ఉడికించు. ఉప్పు వద్దు, కారం వద్దు, అల్లం వెల్లుల్లి అసలే వద్దు. అన్నం మనకంటే మెత్తగా, గంజి వార్చకుండా. ఒక వంతు చికెన్‌కు రెండు వంతుల అన్నం, చేత్తో పిసికి కలిపి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టు. ఒకేసారి గిన్నెడు పెట్టావో, మళ్లీ కక్కుతాడు. తీపి గుమ్మడికాయ ఉడికించి రెండు చెంచాలు కలిపితే విరేచనం కాస్త గట్టిపడుతుంది. పెరుగు ఇప్పుడే వద్దు, పదిరోజులు పోయాక ఒక చెంచా వేసి చూడు, పడితే సరి. మీ అమ్మ కూర గిన్నె కడిగిన నీళ్లు, మిగిలిన చికెన్ పులుసు అన్నంలో కలుపుతుంది, నాకు తెలుసు, దాన్ని ఆపు. ఉల్లిపాయ కుక్క రక్తకణాల్నే విరగ్గొడుతుంది, ఉడికినా అంతే. రాగి సంకటి తిని పెరిగిన కుక్కలు మన జిల్లాలో ఊరూరా ఉన్నాయి, నేను కాదనను, కానీ అది గట్టి కడుపుకు, ఇప్పుడు కాదు.

రెండు మూడు వారాలు వరుసగా విరేచనం గట్టిగా, ఒకే రంగులో ఉండాలి. పోయిన బరువు తిరిగి రావాలి, వాడు 28 కిలోలుండేవాడు, 25కి దిగాడంటివి కదా. మందులన్నీ అయిపోవాలి. స్టెరాయిడ్ మీద ఉంటే పచ్చిది అసలొద్దు. ఇవన్నీ అయ్యాక కూడా డాక్టర్ని ఒకమాట అడుగు. ఆయన వద్దంటే కోప్పడకు, అమెరికా పశువైద్య సంఘం 2012లోనే పచ్చి మాంసం పెట్టొద్దని తీర్మానం చేసింది, చాలామంది డాక్టర్లది అదే మాట. నా మాటా నిజానికి అదే. ఉడికించి పెడితే వాడి బొచ్చుకేం తక్కువ కాదు. కానీ నువ్వు మీ తాతలాగా మొండోడివి, నేను వద్దన్నా ఆగవు, చాటుగా తప్పుగా పెట్టేకంటే చెప్పించుకుని పద్ధతిగా పెడితే మేలని కిందిది రాస్తున్నా.

చికెన్‌తోనే మొదలుపెట్టు, ఒక్క రకమే. పొద్దున్నే పోయి కళ్ల ముందు కోయించుకో. ఆదివారం మధ్యాహ్నం దాకా కొక్కేనికి వేలాడింది ఎండకు ఎంత చెడిందో కంటికి కనపడదు. తోలు తీయించి ఖైమా కొట్టించు. నాలుగు పూటల్లో ఒక్క పూట, అందులో ఒక్క చెంచాడు పచ్చిది, మిగతా అంతా పాత మేతే. రెండు రోజులు చూడు. విరేచనం మారకపోతే రెండు చెంచాలు. ఇట్లా పది పన్నెండు రోజులు పడుతుంది ఒక పూట పూర్తిగా మారడానికి, తొందరేం లేదు. పూర్తిగా మారాక రోజుకు వాడి బరువులో రెండు నుంచి మూడు శాతం, అంటే 28 కిలోలకు 560 నుంచి 840 గ్రాములు. ఎముక మెత్తగా ఉండే మెడ ముక్కలు చివర్లో, అదీ నువ్వు పక్కన కూర్చుని. చింటూగాడు నమలడు, మింగుతాడు, కాబట్టి వాడికి మెడ కూడా కొట్టించే పెట్టు. ఉడికిన ఎముక మాత్రం ఏ జన్మలోనూ వద్దు, అది సూదుల్లా చీలుతుంది, నల్లోడి కథ విన్నావు కదా.

ఈ పచ్చి మేత పెట్టేవాళ్లు ఒక లెక్క చెప్తారు, 80 పాళ్లు కండ, 10 ఎముక, 10 లోపలి భాగాలు, అందులో సగం కార్జం అని. కందనకాయ, గుండెకాయ కండ కిందికే వస్తాయి, లోపలి భాగాల లెక్కలో వేసుకోకు. కార్జం ఎక్కువైతే విరేచనం పల్చబడుతుంది, ఎముక ఎక్కువైతే సుద్దముక్కలా తెల్లగా గట్టిగా వచ్చి వాడు ముక్కుతూ కూర్చుంటాడు. ఎముక లేకుండా ఉత్త కండ పెడితే కాల్షియం ఉండదు, అప్పుడు కోడిగుడ్డు పెంకులు ఉడకబెట్టి ఎండబెట్టి మెత్తగా పొడి చేసి అరకిలో మాంసానికి సుమారు అర టీస్పూను కలపాలి. ఇంత చేసినా జింక్, విటమిన్ ఇ, డి లాంటివి తక్కువే పడతాయి, డాక్టర్ని అడిగి సప్లిమెంట్ రాయించుకో.

మటన్ కొట్లో కుక్కకని చెప్తే ఊపిరితిత్తులు, మిగిలిన కార్జం చవగ్గా కవర్లో వేసిస్తారు. అది పచ్చిగా పెట్టావో, నేను మీ ఇంటికి రాను. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో ఒక్కోసారి నీళ్లు నిండిన బుడ్డలుంటాయి, హైడాటిడ్ బుడ్డలంటారు. కుక్క వాటిని పచ్చిగా తింటే దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, బియ్యపు గింజంత కూడా ఉండదు. కుక్కకు ఏమీ కాదు, ఎగురుతూనే ఉంటుంది. దాని విరేచనంతో గుడ్లు బయటికొచ్చి, బొచ్చుకు అంటి, మన చేతుల నుంచి నోట్లోకి పోతాయి, ఆ బుడ్డలు అప్పుడు మన కార్జంలో పెరుగుతాయి. ఏళ్ల తర్వాత స్కానింగ్‌లో బయటపడి ఆపరేషన్ దాకా పోతుంది. గొర్రెలు మేపుకునే మనలాంటి సీమలో ఇది వింత జబ్బేమీ కాదు. కడుపులో పురుగులకు వేసే మందులో బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ ఉందో లేదో అట్ట మీద చూసుకో, అన్నిట్లో ఉండదు.

ఇంట్లో మీ అవ్వ ఉంది, షుగరు, పైగా చింటూగాడు ఆవిడ మంచం పక్కనే పడుకుంటాడు, చెయ్యి నాకుతాడు. పచ్చిది తినే కుక్క జబ్బు పడకపోయినా దాని విరేచనంలో సాల్మొనెల్లా పోతుండొచ్చు, నోటికీ ఉండొచ్చు. అందుకే తిన్నాక కాసేపు ఆవిడ దగ్గరికి పోనీయకు, గిన్నె వేడినీళ్లు, సబ్బుతో కడుగు, విరేచనం వెంటనే ఎత్తెయ్. మాంసానికి కత్తి, పలక వేరే పెట్టు. ఫ్రిజ్‌లో మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో, అన్నిటికంటే కింది అరలో, పాల ప్యాకెట్ల మీద బొట్టు కారకుండా. డీప్ ఫ్రిజ్‌లో పెడితే క్రిములు చస్తాయనుకోకు, నిద్రపోతాయి అంతే. పసుపు, ఉప్పు రాసి కుళాయి కింద కడిగితే శుభ్రమైపోతుందనీ అనుకోకు, ఆ నీళ్లు చింది సింకంతా అంటుకుంటుంది. తిరుపతి ఎండ సంగతి నేను చెప్పాలా, గిన్నె పెట్టిన పదిహేను నిమిషాల్లో తినకపోతే తీసెయ్.

ఇంతకీ నువ్వు ఆలోచించావో లేదో, సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే తమిళుల పెరటాసి నెల ఏం చేస్తావు? మీ ఇంట్లో ఆ నెలంతా నీచు గడప దాటి లోపలికి రాదు, మీ అమ్మ కత్తి కూడా కడిగి అటక మీద పెడుతుంది. పచ్చి మాంసానికి అలవాటు పడ్డ కడుపుకు ఒక్కరోజులో పెరుగన్నం పెడితే మళ్లీ అదే విరేచనం, మళ్లీ అదే ఆసుపత్రి. మేత మంచిదైనా ఉన్నపళాన మారిస్తే కుక్క కడుపు పాడవుతుంది. పోయినసారి కూడా నువ్వు ప్యాకెట్ బ్రాండ్ ఒక్కరోజులో మార్చావని మీ అమ్మ చెప్పింది, నువ్వు నాకు చెప్పలేదు. కాబట్టి ఆ నెల వాడికి వంట ఎక్కడ, ఎవరు, ఇంటి ఓనరు ఊరుకుంటాడా, అదంతా ముందు తేల్చుకో, ఆ తర్వాతే ఖైమా కొట్టించు.

మధ్యలో రెండుసార్లకు మించి కక్కినా, విరేచనంలో నెత్తురు కనపడినా, నీళ్లు కూడా ముట్టకపోయినా నాకు ఫోన్ చేసి టైం వేస్ట్ చేసుకోకు, ఆసుపత్రికి పో. పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదులు, తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి, రాకపోయినా, చిగురు జిగటగా ఎండిపోయి ఉన్నా అది అర్ధరాత్రైనా ఆగే పని కాదు. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు వేయొద్దు.

వచ్చే ఆదివారం చిత్తూరు వస్తానన్నావు కదా, వాణ్నీ తీసుకురా. కారెక్కించే ముందు రెండు మూడు గంటలు ఏమీ పెట్టకు, పాకాల దాటేలోపే సీటంతా పాడుచేస్తాడు. వాడికి అన్నం, చికెన్ నేను ఉడికించి ఉంచుతా, నీకు మాత్రం నాటుకోడి పులుసు, సంకటి.

పెద్దమ్మ