పబ్‌లో దాడి జరిగాక లైసెన్స్ రివ్యూ పెడితే, మనలాంటి వాళ్లు రాసే ఉత్తరానికి విలువ ఉంటుందా?

మీ వీధి చివర పబ్‌లో ఒకరిని కత్తితో పొడిచారనీ, తలుపు పక్కన కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) వాళ్లు లైసెన్స్ రివ్యూ, అంటే మద్యం అమ్మే లైసెన్స్‌ను మళ్లీ పరిశీలించే నోటీసు అంటించారనీ, మనం రాస్తే ఎవరైనా పట్టించుకుంటారా అనీ అడిగారు. పట్టించుకుంటారు. తప్పకుండా రాయండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి రివ్యూ ఒకటి జరిగిన పబ్‌లో నేను పని చేశాను.

2018లో ఉత్తర ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చదువుతూ వారానికి ఇరవై గంటల లోపు ఒక పబ్‌లో బార్ పని చేసేవాణ్ణి. శుక్రవారం, శనివారం రాత్రి షిఫ్టులు. అక్కడ ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారి పగిలితే జనమంతా ఒక్కసారి హుషారుగా కేక వేస్తారు. అది అక్కడి అలవాటు. ఆ శనివారం రాత్రి పదకొండు కావస్తుండగా పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట) టేబుల్ దగ్గర గ్లాసు పగిలింది. ఎవరూ కేక వేయలేదు. తల తిప్పి చూసేసరికి ఒకతను చెంప పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. బీరు గ్లాసు పగలగొట్టి మొహం మీద కొట్టారు.

బార్ టవల్స్ ఎన్ని దొరికితే అన్నీ పట్టుకుని పరుగెత్తాను. చెవి కింద నుంచి దవడ దాకా చీలిపోయింది. నేను గట్టిగా అదిమి పట్టుకుంటే అతను నా చొక్కా పట్టుకుని "కన్ను ఉందా, కన్ను ఉందా" అని అడుగుతూనే ఉన్నాడు. కన్ను బాగానే ఉంది. ఉందని ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. అంబులెన్స్ వాళ్లు వచ్చి అతన్ని తీసుకున్న మరుక్షణం మేనేజర్ నా చేతికి మాప్ ఇచ్చి, పోలీసులు వచ్చేలోపు నేల తుడిచేయమన్నాడు. నేను తుడిచాను. సగం తుడిచాక పోలీసులు వచ్చారు. ఎవరు తుడవమన్నారని వాళ్లు అడిగితే మేనేజర్ నా వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు. ఆ పని చేసినందుకు, ఆ క్షణంలో మాట్లాడనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పూల్ టేబుల్ పైన ఉన్న కెమెరా నెలల తరబడి పనిచేయడం లేదు. కెమెరాలు పనిచేయాలని లైసెన్స్ షరతుల్లోనే రాసి ఉంది. అంతకుముందు డోర్ దగ్గర ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు ఉండేవారు. ఖర్చు ఎక్కువవుతోందని ఒకరిని తీసేశారు, తర్వాత రెండో అతన్ని కూడా మానిపించారు. కొట్టినవాడు రెండు వారాల క్రితమే అదే టేబుల్ దగ్గర ఒకరి మీద కుర్చీ ఎత్తాడు. అది ఇన్సిడెంట్ బుక్‌లో (గొడవలు నమోదు చేసే పుస్తకం) రాయబోతే మేనేజర్ "ఇలాంటివి రాస్తే మనకే తలనొప్పి" అని పుస్తకం తీసేసుకున్నాడు. రక్తం చిందిన ఏ పబ్‌లోనైనా నెలల ముందే ఇలాంటి సంకేతాలు కనిపిస్తాయని నా గట్టి నమ్మకం. అకస్మాత్తుగా జరిగిందని యజమానులు చెబితే నేను నమ్మను.

తర్వాత జరిగింది చాలా వేగంగా జరిగింది. పోలీసులే పబ్ మూసేస్తారని నేను అనుకునేవాణ్ణి. కాదు, లైసెన్స్ మీద నిర్ణయం కౌన్సిల్‌ది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం తీవ్రమైన నేరమో, తీవ్రమైన గొడవో జరిగితే సూపరింటెండెంట్ స్థాయి అధికారి సర్టిఫికెట్‌తో పోలీసులు అత్యవసర రివ్యూ అడగవచ్చు. 48 గంటల్లో కౌన్సిల్ మధ్యంతర చర్యల మీద నిర్ణయం తీసుకోవాలి. సెలవు రోజులు ఆ లెక్కలోకి రావు. మా పబ్ విషయంలో పోలీసులు సోమవారం దరఖాస్తు ఇస్తే బుధవారానికల్లా లైసెన్స్ సస్పెండ్ అయింది. పూర్తి విచారణ 28 రోజుల్లోపు జరపాలి.

పబ్ మూతపడగానే మా జీతాలు ఆగిపోయాయి. గంటల గ్యారంటీ లేని కాంట్రాక్టులు కదా, షిఫ్ట్ లేకపోతే డబ్బు లేదు. తప్పు చేసింది యజమాని, ఆ నెల అద్దె కట్టలేక తిప్పలు పడింది మేము. దీని గురించి ఏ విచారణలోనూ ఎవరూ మాట్లాడరు.

నేను కౌన్సిల్‌కు రాస్తానంటే, ఆ ఉద్యోగం ఇప్పించిన సీనియర్ అన్న ఒప్పుకోలేదు. "తమ్ముడూ, స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, నీకెందుకు ఈ గొడవ?" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. నాకూ భయమే. మామూలుగా మన పేరు, చిరునామా లైసెన్స్ ఉన్నవాళ్లకు కూడా వెళ్తాయి. బెదిరింపుల భయం నిజంగా ఉంటే మాత్రం ముందే కౌన్సిల్ లైసెన్సింగ్ విభాగంతో మాట్లాడండి. అరుదైన సందర్భాల్లో వివరాలు బయటపెట్టకుండా ఉంచే వీలుంది. మీ వార్డు కౌన్సిలర్‌ను మీ తరఫున మాట్లాడమని కూడా అడగవచ్చు. నేను రెండు రాత్రులు ఆలోచించి నా పేరుతోనే రాశాను. ఒకటిన్నర పేజీ. ఏ తేదీన నా షిఫ్ట్, ఎంతమంది సిబ్బంది, డోర్ దగ్గర ఎవరూ లేని రోజులు ఏవి, కుర్చీ ఎత్తిన రాత్రి ఏం జరిగింది, కెమెరా సంగతి, మాప్ సంగతి.

విచారణలో ముగ్గురు కౌన్సిలర్లు కూర్చున్నారు. పబ్ తరఫు లాయర్ ఇన్సిడెంట్ బుక్ చూపించి, ఇన్ని నెలల్లో ఒక్క గొడవ కూడా నమోదు కాలేదు, ఇది ఒక్కసారి జరిగిన ఘటన అన్నాడు. అప్పుడు ఒక కౌన్సిలర్ నా ఉత్తరం తీసి, అందులోని తేదీ చదివి, "ఆ రోజు పేజీ ఖాళీగా ఎందుకు ఉంది?" అని మేనేజర్‌ను అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్నతోనే విచారణ మలుపు తిరిగిందని నేను అనుకుంటాను.

అదే విచారణకు చుట్టుపక్కల వాళ్ల ఉత్తరాలు చాలానే వచ్చాయి. సగానికి పైగా కార్ల పార్కింగ్ గురించి, ఇళ్ల ధరలు పడిపోవడం గురించి. పాపం, వాళ్ల బాధ వాళ్లది. కానీ ఈ రివ్యూలో చూసేవి నాలుగే: నేరాలనూ గొడవలనూ నివారించడం, ప్రజల భద్రత, చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది లేకుండా చూడటం, పిల్లలకు హాని జరగకుండా చూడటం. ఇళ్ల ధరల గురించి రాసిన ఉత్తరం పక్కకు పోతుంది. అదే మనిషి ఆ రాత్రి కిటికీలోంచి ఏం చూశాడో రాసి ఉంటే ఎంత బాగుండేది!

చివరికి లైసెన్స్ రద్దు చేయలేదు. కౌన్సిల్ కావాలంటే రద్దు చేయవచ్చు, మూడు నెలల దాకా సస్పెండ్ చేయవచ్చు, షరతులు మార్చవచ్చు, లైసెన్స్‌లో బాధ్యుడిగా పేరున్న సూపర్‌వైజర్‌ను తొలగించవచ్చు. ఇక్కడ ఆ సూపర్‌వైజర్ మా మేనేజరే, అతన్ని తొలగించారు. వారాంతాల్లో డోర్ దగ్గర లైసెన్స్ ఉన్న ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు, రాత్రి తొమ్మిది తర్వాత గాజు గ్లాసులకు బదులు పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) గ్లాసులు, కెమెరా ఫుటేజీని 31 రోజులు భద్రపరచడం, ఇవన్నీ షరతులుగా పెట్టారు. గ్లాసుల షరతు ఒక్కటి మొదటి నుంచీ ఉండి ఉంటే అతని మొహం అలా చీలేది కాదు. పూల్ టేబుల్ ఉన్న ప్రతి పబ్‌లోనూ ఇది తప్పనిసరి చేయాలి.

నాకు మింగుడుపడనిది మేనేజర్ ఒక్కడే బలికావడం. సెక్యూరిటీని మానిపించమన్నది పైన ఉన్న యజమాని. లైసెన్స్ ఆ యజమాని పేరు మీదే ఉంది, ఇప్పటికీ ఉంది. మీరు రాసేటప్పుడు బాధ్యత ఎవరిదో కూడా అడగండి. మేనేజర్ మారితే చాలదని స్పష్టంగా రాయండి.

నోటీసులో చివరి తేదీ ఉంటుంది, ముందు అది చూసుకోండి. మామూలు రివ్యూకైతే 28 రోజులు ఇస్తారు, పోలీసులు పెట్టిన అత్యవసర రివ్యూ అయితే గడువు అంతకంటే బాగా తక్కువ. తీర్పు నచ్చకపోతే రాసినవాళ్లు కూడా 21 రోజుల్లో మెజిస్ట్రేట్ కోర్టుకు అప్పీలుకు వెళ్లవచ్చు, కానీ గడువులోపు రాసి ఉంటేనే. ఆ పబ్‌లో పనిచేసే కుర్రాళ్లెవరైనా మీకు తెలిస్తే వాళ్లను కూడా రాయమనండి. వాళ్లు చూసినవి మీకు కిటికీలోంచి కనిపించవు.