ఇష్టం పోయిందా, ఓపిక పోయిందా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక చిన్న ఊరు. నాకు 34 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో యూకేజీ టీచర్‌ని. ఒకప్పుడు ఆదివారం ఎప్పుడైపోతుందా, పిల్లల్ని ఎప్పుడు చూస్తానా అనిపించేది. ఈ ఏడాది క్లాసులో 38 మంది, ఉన్న ఆయమ్మని నర్సరీకి పంపేశారు. సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు పొద్దున్నే కడుపులో తిప్పి వాంతి అయింది. పోయిన వారం ఒక బాబు పక్క పాప జుట్టు పట్టి లాగుతుంటే వాడి చెయ్యి పట్టుకుని విసురుగా ఈడ్చాను. నా వేళ్ల అచ్చులు పడ్డాయి. వాడు ఏడవలేదు, నా వైపు చూశాడంతే. ఆ చూపు నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఇంటికొచ్చి మా పాప మీద అరుస్తున్నాను. 'అమ్మా, నాతో మిస్‌లాగా మాట్లాడకు' అంది ఏడేళ్ల పిల్ల. మా వారు 'పదకొండు వేలకు ఈ చాకిరీ దేనికి, మానెయ్' అంటారు. నాకు పిల్లలంటే ఇష్టం పోయిందా? మానేయాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండు పేజీలు. పైన వేసింది అందులో కొంతే. మిగిలినదాంట్లో ఒక పాప సంగతి ఉంది. అక్టోబరు దాకా బలపం పట్టని పిల్ల డిసెంబర్లో ఒకరోజు 'అమ్మ' అని రాయబోయి, ఒత్తు మర్చిపోయి 'అమ' అని రాసిందనీ, మీరా పలక తీసుకుని స్టాఫ్ రూమ్‌కి పరిగెత్తి అందరికీ చూపించారనీ అరపేజీ రాశారు. ఇష్టం పోయినవాళ్లు ఆ 'అమ' గురించి అరపేజీ రాయరు. పోయింది ఓపిక. రెండింట్లో ఏది పోయినా పైకి ఒకేలా ఉంటుంది, అందుకే మీరు కంగారు పడుతున్నారు.

పొద్దున్నుంచి మీరు చేసేది ఒకసారి లెక్క వేసుకోండి. 'మిస్, వీడు నన్ను కొట్టాడు', 'మిస్, వన్‌కి వెళ్లాలి', బూటు లేసు, కారే ముక్కు, మధ్యాహ్నం ముప్పై ఎనిమిది టిఫిన్ డబ్బాల మూతలు. వాటిలో సగం మీరు తీస్తే గానీ రావు, తీశాక పప్పు ఒలికితే తుడవాల్సిందీ మీరే. వీటిలో ఒక్కటీ పెద్ద పని కాదు. కానీ ప్రతిదానికీ మొహం మీద నవ్వుండాలి, గొంతులో లాలన ఉండాలి, ఆ పూట ఇంట్లో ఏం జరిగి ఉన్నా సరే. ఆ నవ్వు కూడా పనేనమ్మా. 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి రాస్తూ దీన్ని ఒక రకం శ్రమగా లెక్కగట్టింది. మనసులో లేకపోయినా మొహం మీద చూపించాల్సి రావడం కూడా మనిషిని అలసిపోయేలా చేస్తుందని ఆమె చెప్పింది. ఎయిర్ హోస్టెస్‌కైతే విమానం దిగాక ఆ మొహం తీసేయొచ్చు, మీకు రాత్రి తొమ్మిదిన్నరకి 'మేడం, మా బాబు ఎరేజర్ ఎవరు తీశారు' అని వాట్సాప్ వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ని జబ్బుగా లెక్కవేయలేదు, పనిచేసే చోట ఎంతకీ తీరని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. దానికి మూడు గుర్తులు: ఒంట్లో శక్తి అయిపోవడం, పని మీద విసుగూ విరక్తీ, నేను సరిగ్గా చేయలేకపోతున్నాననే బాధ. మీ ఉత్తరంలో మొదటిదీ మూడోదీ నిండుగా ఉన్నాయి, రెండోది ఇప్పుడిప్పుడే గుమ్మం దగ్గరికొచ్చింది. 'పనిచేసే చోట' అన్న మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. పాజిటివ్‌గా ఆలోచించండి, ధ్యానం చేయండి అని శనివారం మీటింగ్ పెట్టి సోమవారం ఇంకో నలుగురు పిల్లల్ని అదే బెంచీల్లో ఇరికించే మేనేజ్‌మెంట్లు నాకు తెలుసు. ధ్యానం మంచిదే, కానీ అది ఆయమ్మ చేసే పని చేయదు.

ఇక ఆ బాబు సంగతి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను, మీరూ తీసుకోవద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం ఆరేళ్లు నిండినవాళ్లది, మీ క్లాసు అంతకన్నా చిన్నది, అంటే మన జాగ్రత్త ఇంకా పెరగాలి గానీ తగ్గకూడదు. మీరు చేయాల్సింది ఇది. రేపు వాడి పక్కన కింద కూర్చోండి, మీ మొహం వాడి మొహానికి ఎదురుగా వచ్చేలా. 'ఆ రోజు మిస్ నీ చెయ్యి గట్టిగా లాగింది కదా, నొప్పేసిందా? మిస్ చేసింది తప్పు, సారీ' అనండి. అక్కడితో ఆపేయండి. 'నువ్వు జుట్టు లాగావు కాబట్టే' అని తోక తగిలించారా, సారీ కాస్తా పాఠమైపోతుంది. జుట్టు లాగడం గురించి ఇంకో రోజు విడిగా మాట్లాడొచ్చు. సాయంత్రం వాళ్లమ్మ వచ్చినప్పుడు మీ నోటితో మీరే చెప్పండి. ఆమె కోప్పడొచ్చు, కోప్పడనివ్వండి. వాడిద్వారా తెలియడం కన్నా అది వంద రెట్లు నయం.

మళ్లీ అలాంటి క్షణం వస్తుంది. అప్పటికప్పుడు బుర్ర పనిచేయదు కాబట్టి ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. పక్క క్లాసు టీచర్‌తో ఒక ఒప్పందం పెట్టుకోండి. మీరు గుమ్మంలో నిలబడి 'చాక్‌పీస్ ఉందా' అని అడిగితే చాక్‌పీస్ అయిపోయిందని కాదు, రెండు నిమిషాలు మా క్లాసు చూడమని. ఆవిడకి అవసరమైనప్పుడు మీరూ అంతే. ఆ రెండు నిమిషాలు కారిడార్ చివరికెళ్లి మొహం మీద నీళ్లు కొట్టుకుని రండి. నా దగ్గరికొచ్చే టీచర్లకి ఈ చిట్కా చెబితే మొదట నవ్వుతారు, తర్వాత ఫోన్ చేసి రోజుకి రెండు చాక్‌పీసులు వాడుతున్నామని చెబుతారు.

మీ పాప అన్న మాట మీకు గుచ్చుకుంది, నాకూ గుచ్చుకుంది. బడిలో మీరు మూడున్నర దాకా మంచి మిస్, నాలుగింటికల్లా మంచి అమ్మ. మధ్యలో ఆటోలో ఇరవై నిమిషాలు, అందులో కూడా డైరీలు దిద్దుతున్నారని రాశారు. మీరు మామూలు మనిషిగా ఉండే సమయం రోజు మొత్తంలో ఎక్కడా లేదు. అది కావాలి. ఇంటికెళ్లాక పావుగంట, టీ గ్లాసు పట్టుకుని మేడ మీద కూర్చోండి, ఎవరితోనూ మాట్లాడకుండా. పాపకి ముందే చెప్పండి, 'ఈ టీ అయ్యేదాకా అమ్మ గొంతుకి రెస్ట్, తర్వాత నీ కబుర్లన్నీ వింటా' అని. ఏడేళ్ల పిల్లకి అది అర్థమవుతుంది. మీ మీద అలిగి దూరం జరగడం కన్నా టీ అయ్యేదాకా ఆగడం దానికి సులువు.

స్కూలు వాళ్లని అడగాల్సినవి రెండే పెట్టుకోండి, పదడిగితే ఒక్కటీ ఇవ్వరు. ఆయమ్మ రోజంతా కాకపోయినా భోజనాల గంటలో మీ క్లాసులో ఉండాలి. రాత్రి ఏడు దాటాక పేరెంట్స్ గ్రూపులో టీచర్లు జవాబివ్వరని స్కూలు పేరుతోనే మెసేజ్ పెట్టాలి. అడిగేటప్పుడు 'నాకు కష్టంగా ఉంది మేడం' అనకండి, 'అందరికీ కష్టంగానే ఉంది' అని రెండో మాట లేకుండా పంపేస్తారు. 'భోజనాల టైంలో 38 మందికి నేనొక్కదాన్నే, ఎవరి గొంతులోనైనా ముద్ద అడ్డం పడితే ఏం చేయను' అనండి. అది నిజం, పైగా వాళ్లకు అర్థమయ్యే భాష.

ఒంటి సంగతి త్వరగా చెప్పేస్తాను. బాత్రూమ్‌కి వెళ్లే వీల్లేదని నీళ్లు తాగడం మానేశానన్నారు. మన టీచర్లలో ఇది ఎంత మామూలైపోయిందో తలుచుకుంటే నాకు కోపమొస్తుంది. నీళ్లు తాగండి, వెళ్లాల్సినప్పుడు 'చాక్‌పీస్' అడగండి. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి. రక్తం, థైరాయిడ్ పరీక్షలూ చేయించుకోండి, ఒక్కోసారి మనసు బాధ అనుకున్నదాంట్లో సగం హిమోగ్లోబిన్ తగ్గడం వల్ల వచ్చిందే అవుతుంది. నిద్ర ఇలాగే పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, బతకడం దండగనిపించినా మాత్రం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా సరే.

మీవారి మాట చెడ్డ మనసుతో అన్నది కాదని నేననుకుంటున్నా, మీ అవస్థ చూడలేక అన్నాడాయన. కానీ తొమ్మిదేళ్లని పదకొండు వేలతో కొలిచేసరికి మీకు మంట పుట్టింది. పోట్లాడకండి. 'మానెయ్ అనే బదులు పొద్దున పాప జడా డబ్బా నువ్వు చూసుకో' అనండి. జడ వంకరగా వస్తే రానివ్వండి.

మానాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చకండి. నెలలో సగం రోజులు నిద్రలేని మనిషి తీసుకునే నిర్ణయాల మీద నాకు నమ్మకం లేదు. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిస్తారు, బడి తెరిచేది జూన్ రెండో వారానికి. మధ్యలో అడ్మిషన్లంటూ ఎర్రటెండలో ఇంటింటికీ తిప్పుతారు కదా, అందులో కనీసం పదిహేను రోజులు రానని ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆ పదిహేను రోజులూ పడుకోండి, పుట్టింటికెళ్లండి, పాపతో మామిడికాయ ముక్కలు కోయించండి. ఆ తర్వాత ఒక పొద్దున క్లాసు రూమ్ తలుచుకుని చూడండి. అప్పటికీ కడుపులో తిప్పితే మానేయండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. తక్కువ పిల్లలున్న ఇంకో స్కూలు వెతుక్కోవచ్చు, ఇంటి దగ్గర పది మందికి చెప్పుకోవచ్చు. తిప్పడం కాకుండా ఆ 'అమ' పిల్ల ఒకటో తరగతిలో ఒత్తులు ఎలా రాస్తుందో అని బెంగ పడితే, అప్పుడు వేరే మాట.

ముందు రేపటి పని రేపు. బాబుతో మాట్లాడాక వాడేమన్నాడో నాకు రాయండి.