ఓనరు రిపేరు చేయించకపోతే అద్దె ఆపేయొచ్చా?

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో మేడ మీద పోర్షన్‌లో నెలకు రూ.14,000 అద్దెకు ఉంటున్నాం. శ్లాబు లీకేజీ వానలు మొదలయ్యేలోపు బాగు చేయిస్తానని ఓనరు 11 నెలల అగ్రిమెంట్‌లో రాసిచ్చారు. మూడుసార్లు అడిగినా పట్టించుకోలేదు. మొన్న పాప ఉయ్యాల పక్కనే పెచ్చు ఊడిపడింది. గట్టిగా అడిగితే ‘నచ్చకపోతే ఖాళీ చేయండి’ అంటున్నారు. వచ్చే నెల నుంచి అద్దె ఆపేయవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఉయ్యాల వేరే గదిలోకి మార్చండమ్మా. మిగతాదంతా తర్వాత.

అద్దె మాత్రం ఆపకండి. ఇలాంటి గొడవల్లో న్యాయం తమవైపే ఉన్నా, కోపంలో అద్దె ఆపేసి చిక్కుల్లో పడినవాళ్లను చాలామందిని చూశాను. ఆపిన రోజు నుంచి కోర్టులో లీకేజీ మాట పక్కకు పోతుంది, ‘అద్దె ఎగ్గొట్టారు’ అన్న మాటే ముందుకొస్తుంది. ఖాళీ చేయించడానికి ఆయన వెతుక్కునే కారణాన్ని మీరే చేతికిచ్చినట్టవుతుంది.

మీకు ఇంతకంటే మంచి దారి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108(ఎఫ్) ప్రకారం, తాను చేయించాల్సిన రిపేరును నోటీసు అందాక కూడా ఓనరు తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవారే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ‘తాను చేయించాల్సిన’ అన్న మాటే ఇక్కడ కీలకం. అగ్రిమెంట్‌లో ఏమీ రాసుకోకపోతే ఆ బాధ్యత ఓనరుదేనని నిరూపించడం కష్టమయ్యేది. మీ దగ్గర రాతే ఉంది కాబట్టి ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి.

నోటీసు లేకుండా మేస్త్రిని పిలవకండి. ఆ నోటీసు అడ్వకేట్ ద్వారా పంపినా, మీరే రాసినా సరే. అగ్రిమెంట్ తేదీ, అందులో ఆయన ఒప్పుకున్న వాక్యం ఉన్నదున్నట్టు, పెచ్చు పడిన రోజు, 15 రోజుల గడువు, ఆలోపు చేయించకపోతే మేమే చేయించి అద్దెలో పట్టుకుంటామన్న మాట, ఇవన్నీ అందులో ఉండాలి. చట్టం ఇన్ని రోజులని లెక్క చెప్పలేదు గానీ 15 రోజులు సమంజసం. అందినట్టు సంతకం తిరిగొచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి, ఆ మెసేజ్‌లు చెరపకండి.

ఈలోగా ఫొటోలు తీయండి. సముద్రం ఉప్పుగాలికి మన ఊళ్లో శ్లాబులోని చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకే పెచ్చులు రాలతాయి. ఎర్రబారిన చువ్వ ఫొటోలో స్పష్టంగా కనపడితే, ‘మీరు మేకులు కొట్టడం వల్లే’ అని ఆయన అనలేరు.

గడువు దాటితే ఇద్దరు మేస్త్రిల దగ్గర రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని, పని మొదలుపెట్టే ముందే ఆయనకు పంపండి. లీకేజీ ఆగడానికి ఎంత అవసరమో అంతే చేయించండి. టైల్స్, కొత్త రంగులు ఇందులోకి రావు. బిల్లు ఒక నెల అద్దె దాటితే మినహాయింపును నెలనెలా సర్దుకోండి. మిగిలిన అద్దె మాత్రం తేదీ తప్పకుండా ఆయన అకౌంట్‌లో వేయండి.

ఇక ‘ఖాళీ చేయండి’ అన్న బెదిరింపు. నోటిమాటతో మిమ్మల్ని పంపేయడం కుదరదు. నీళ్లు, కరెంటు ఆపినా, తాళం వేస్తానన్నా కోర్టులో ఇంజంక్షన్, అంటే అలా చేయకుండా ఆపే ఉత్తర్వు అడగవచ్చు. ఒకవేళ బలవంతంగా బయటికి పంపితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల్లోపు దావా వేయాలి, ఆ గడువు దాటనివ్వకండి.

ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయం ఎంతున్నా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు అగ్రిమెంట్, ఫొటోలు, అద్దె కట్టిన రసీదులు వెంట తీసుకెళ్లండి.