ఫ్లెక్సీకి ఆర్డర్ ఇచ్చే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం చెప్పడం నేను మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

మీ హాకీ క్లబ్బు కుర్రాళ్ళంతా కలిసి, గోల్ ముందు కాపలా కాసే మీ ఫుల్‌బ్యాక్ అన్నకి ఘనంగా సన్మానం చేద్దామనుకోవడం నాకు చాలా సంతోషం. 19 ఏళ్ళు ఒకే టీముకి ఆడినవాడు. బయటి నుంచి పిలుపులు వచ్చినా విజయనగరం వదల్లేదు. మీకు అన్న కావచ్చు గానీ నాకు ఇప్పటికీ వాడే. ఎనిమిదో తరగతిలో వాడి చేతికి మొదటి స్టిక్ ఇచ్చింది నేను. అదీ విరిగిపోతే పురికొస చుట్టి అతికించిన స్టిక్కే.

నువ్వు పంపిన లిస్టు కూడా చూశాను. 20 అడుగుల ఫ్లెక్సీ, శాలువా, మెమెంటో, ముఖ్య అతిథి, బిర్యానీ. పేరు మార్చి ఆ లిస్టుని ఏ హెడ్ గుమస్తా రిటైర్మెంటుకైనా వాడుకోవచ్చు. ఇందులో హాకీ ఎక్కడుందిరా?

దాని సంగతి తరవాత చూద్దాం. ముందు ఇది చెప్పు. ఆట మానేస్తానని వాడి నోటితో వాడు అన్నాడా? లేక 41 ఏళ్ళు వచ్చాయి, మోకాలికి కట్టు లేనిదే దిగడం లేదు కాబట్టి మానేస్తాడులే అని మీరే అనుకున్నారా? మీరే అనుకుని ఏర్పాట్లు చేస్తే ఎన్ని దండలు వేసినా గుమ్మం చూపించినట్టే ఉంటుంది.

2023 జనవరిలో మనం వరల్డ్ కప్ చూడ్డానికి భువనేశ్వర్ వెళ్ళాం కదా, టికెట్లు నువ్వే తీశావు. న్యూజిలాండ్‌తో మ్యాచ్ 3-3 అయి షూటౌట్‌కి వెళ్ళింది. మధ్యలో మన గోల్‌కీపర్ శ్రీజేష్‌కి దెబ్బ తగిలి బయటికొచ్చేశాడు, బదులుగా క్రిషన్ పాఠక్ దిగాడు. 5-4తో ఓడిపోయాం. మన వెనక వరసలో ఒకాయన పల్లీలు నములుతూ "ఇంక ఈ శ్రీజేష్ పని అయిపోయింది, 34 ఏళ్ళు" అన్నాడు. నువ్వూ తలూపావు, నేను చూశాను. ఏడాదిన్నర తిరిగేసరికి ఏమైంది? 2024 జులైలో, పారిస్ ఒలింపిక్స్‌లో ఆట మొదలవకముందే, ఇదే నా ఆఖరి టోర్నమెంటని శ్రీజేష్ తనే చెప్పాడు. ఇక టీమంతా ఆయన కోసం గెలవాలని ఆడింది. క్వార్టర్ ఫైనల్లో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు పడి బయటికి పోతే, 40 నిమిషాలకు పైగా పదిమందితోనే బ్రిటన్‌ని ఆపి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆగస్టు 8న స్పెయిన్‌ని 2-1తో ఓడించి కాంస్యం తెచ్చారు. పల్లీల ఆయన చెప్పినట్టు ఆ రోజే పంపించేసి ఉంటే ఇవన్నీ ఎక్కడివి? ముందు ఆడేవాడు చెప్పాలి, ఆ తరవాతే మన హడావుడి.

ఆ వరస తప్పించిన పెద్దలనూ చూశాను. 1998లో ధనరాజ్ పిళ్ళై కెప్టెన్సీలో మనవాళ్ళు బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో గెలిచారు, 32 ఏళ్ళ తరవాత బంగారం. ఇంటికొచ్చాక ధనరాజ్‌తో సహా కొందరు సీనియర్లను టీములోంచి తీసేశారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను స్కూలు గ్రౌండ్‌లో పిల్లలకి విజిల్ కూడా సరిగ్గా ఊదలేకపోయాను.

కాబట్టి ఒక్కడివే వెళ్ళు. ప్రాక్టీసు అయ్యాక వాడు షిన్ గార్డులు విప్పుకుంటూ కూర్చుంటాడే, ఆ టైముకి వెళ్ళు. "ఎప్పుడు మానేస్తావన్నా" అని అడగకు. "ఈ సీజన్ ఎలా ఆడాలనుంది" అని అడుగు. వాడే చెబుతాడు. చెప్పకపోతే టీ తాగి వచ్చెయ్. మరో రోజు వాళ్ళావిడతో కూడా ఒక మాట మాట్లాడు. 19 ఏళ్ళుగా ఆదివారం ఆదివారం ఆ మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టింది ఆవిడ. ఈ విషయంలో ఆవిడ మాటకున్న విలువ మన కమిటీ తీర్మానాలకి లేదు.

తేదీ గురించి. ఆగస్టు 29న పెడదామని ఎవరో అన్నారని రాశావు. వద్దు. జాతీయ క్రీడా దినోత్సవం పేరుతో ఆ రోజు అధికారులు వస్తారు, ధ్యాన్‌చంద్ ఫొటోకి దండ వేస్తారు, పిల్లల చేత ర్యాలీ తీయిస్తారు, వెళ్ళిపోతారు. ఆ సందట్లో మీవాడు ఆరో ఐటమ్ అవుతాడు. ధ్యాన్‌చంద్ మీద గౌరవం లేక కాదు. ఆయన 1979 డిసెంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్‌లో జనరల్ వార్డులో పోయాడు. నేషనల్ స్టేడియానికి ఆయన పేరు పెట్టింది 2002లో. ఆ రెండు తేదీల మధ్య దూరం తలుచుకుంటే నాకు దండలంటే మొహం మొత్తుతుంది.

సిరిమాను రోజుల్లోనూ వద్దు, గంటస్తంభం దాకా ఇసకేస్తే రాలనంత జనం, మీ గ్రౌండ్ వైపు ఎవడూ రాడు. సంక్రాంతి అయితే సరి. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఉద్యోగాలు చేసుకునే పాత ఆటగాళ్ళంతా ఇంటి దగ్గరే ఉంటారు. కనుమ రోజు ఎవడూ ఇల్లు కదలడు కాబట్టి ముక్కనుమ పొద్దున్నే ఏడింటికి పెట్టు. జనం ఎంతమంది వస్తారని టెన్షన్ పడకు. మనది క్రికెట్ అనగానే విజ్జీ పేరు చెప్పే ఊరు, వెయిట్ లిఫ్టింగ్ అంటే కొండవెలగాడ పేరు చెప్పే జిల్లా. హాకీకి అరవైమంది వస్తే నిండినట్టే. ఆ అరవైమందీ ఆట తెలిసినవాళ్ళయితే చాలు.

ముఖ్య అతిథి విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. చాలా ఏళ్ళ కిందట మా గోల్‌కీపర్ స్నేహితుడికి ఇలాగే ఒక సభ పెట్టాను. పిలిచిన పెద్దమనిషి రెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చి, నలభై నిమిషాలు క్రికెట్ గురించి మాట్లాడాడు. మావాడు ఎండలో తెల్లచొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయినా కదలకుండా కూర్చున్నాడు. చివర్లో ఇచ్చిన షీల్డు మీద పేరు తప్పు పడింది. అచ్చు వేయించింది నేనే, చూసుకోలేదు. ఆ షీల్డు ఇప్పటికీ వాళ్ళింట్లో టీవీ పక్కన తప్పు పేరుతోనే ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చుంటాను. వాడు ఏనాడూ ఒక్క మాట అనలేదు, అదే నా బాధ.

అందుకని అతిథి అవసరమనిపిస్తే ఒక్కరే, అదీ మైకు ఆయనకి చివర్న. ముందు మైకు టీముది. అయితే "అన్న చాలా మంచివాడు, క్రమశిక్షణకి మారుపేరు" లాంటి మాటలు ఎవర్నీ మాట్లాడనివ్వకు. ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ కొను. ఇప్పటి నుంచి పండగ దాకా చేతులు మార్చు. టీమువాళ్ళు, ఎదురు ఆడినవాళ్ళు, అంపైర్లు, గ్రౌండ్ దగ్గర సోడాబండి ఆయన, ఒక్కొక్కరూ వాడు ఆడగా కళ్ళారా చూసిన ఒక్క బంతి గురించి రాయాలి. ఏ మ్యాచ్, ఎవరి మీద, ఏం జరిగింది. అంతే.

నేను రాయబోయేది ఇప్పుడే చెబుతాను. పెనాల్టీ కార్నర్, అంటే అవతలివాళ్ళకి గోల్ కొట్టే ఛాన్సు, వచ్చినప్పుడు కీపర్‌తో కలిపి ఐదుగురే కదా గోల్ లైన్ వెనక ఉండేది. అందులో ఒకడు ఫస్ట్ రషర్. బంతి లైన్ దగ్గర్నుంచి కదిలిందో లేదో, డీ (గోల్ ముందు గీసే అర్ధచంద్రం) పైన ఆపి కొట్టేవాడి స్టిక్ మీదికి నేరుగా పరుగెత్తాలి. ఫ్లిక్కు వచ్చే దారిలోకి తెలిసి తెలిసి పోవడమే ఆ పని. మీవాడు 19 ఏళ్ళు ఆ పని చేశాడు. ఒక ఫైనల్లో నేను గోల్‌పోస్ట్ వెనక నిలబడి ఉన్నాను. మన గ్రౌండ్ సంగతి తెలుసు కదా, గరుకు నేల, కాకినాడలో ఉన్నట్టు టర్ఫ్ కాదు, బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. వీడు నాలుగడుగులు వేశాడు, బంతి కాలికి తగిలింది. షిన్ గార్డుకి తగిలితే టక్కుమంటుంది. ఆ రోజు ఆ చప్పుడు రాలేదు, తడిగుడ్డ బండకేసి కొట్టినట్టు వినిపించింది. మోకాలి కింద పక్కకి తగిలింది. అంపైర్ మళ్ళీ కార్నర్ ఇచ్చాడు. వీడు ఒంటికాలి మీద గెంతుకుంటూ వెనక్కొచ్చి, మేజోడు పైకి లాక్కుని, మళ్ళీ అదే చోట నిలబడ్డాడు. రెండోసారీ పరుగెత్తాడు. ఈసారి బంతి స్టిక్కుకి తగిలి పక్కకి పోయింది. గోల్ పడలేదు కాబట్టి స్కోరు పుస్తకంలో ఏమీ రాయలేదు. అవతల గోల్ కొట్టినవాడి ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది. వాడి ఆట మొత్తం అలాంటిదే. అది చూసినవాళ్ళు మనం కొద్దిమందిమే, మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఇక ఆ రోజు మ్యాచ్. పెద్దలూ కుర్రాళ్ళూ కలిపి రెండు టీములు చేసి నిజంగా ఆడండి. వాడి చేత గోల్ కొట్టించాలని డిఫెండర్లు తప్పుకునే నాటకం మాత్రం వద్దు. వాడు ఫుల్‌బ్యాక్, గోల్ కొట్టడం వాడి సరదా కాదు. ఆపుకునే అవకాశం ఇవ్వండి, చాలు. కార్నర్‌కి రషర్‌గా దిగుతానంటే వద్దనకండి, మాస్కు మాత్రం పెట్టించండి. ఇంకో చిన్న కిటుకు ఉంది. హాకీలో ఎన్నిసార్లయినా ఆటగాళ్ళని మార్చుకోవచ్చు కదా. ఆఖరి క్వార్టర్ ముగియడానికి మూడు నిమిషాల ముందు వాడిని బయటికి పిలవండి. ఒంటరిగా, నడుచుకుంటూ, సగం గ్రౌండ్ దాటి రావాలి. అరవైమంది చప్పట్లూ వాడొక్కడికే దక్కుతాయి. విజిల్ అయ్యాక అయితే పాతికమంది గుంపులో కలిసిపోతాడు. అయితే పెనాల్టీ కార్నర్ ఇచ్చాక అది పూర్తయ్యేదాకా మార్పిడి కుదరదు, చూసుకో. మరీ చివరి నిమిషం దాకా ఆగితే అప్పుడే కార్నర్ పడి ముచ్చట చెడుతుంది.

జెర్సీ నంబరు ఇంకెవరికీ ఇవ్వకూడదని మీలో కొందరు అంటున్నారట. శ్రీజేష్ 16, మహిళల టీము మాజీ కెప్టెన్ రాణి రాంపాల్ 28 అలాగే పక్కన పెట్టారు, బాగుంది. కానీ మీ దగ్గర ఉన్నవే పద్దెనిమిది జెర్సీలు, అందులో రెండు చిరిగినవి. కొత్త కుర్రాళ్ళలో ఎవడు ఆ నంబరు వేసుకోవాలో వాడినే ఎంచి, వాడి చేత్తోనే ఇమ్మనండి. నాకు అదే నచ్చుతుంది.

డబ్బు సంగతి తొందరగా ముగిస్తాను. పోగైనదంతా వాడి ఖాతాలో వేసి, కాగితం కవర్లో పెట్టి ఇంటికెళ్ళి ఇవ్వు. మైకులో అంకె చదవకు. పెద్ద అట్ట చెక్కు పట్టుకుని ఫొటో అసలే వద్దు. ఫ్లెక్సీ డబ్బు మిగిల్చి ఫిజియోథెరపీకి కడితే ఆ మోకాలు ఇంకో పదేళ్ళు మెట్లెక్కుతుంది.

బెంచీ మీద కూర్చున్నవాళ్ళని మర్చిపోకు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఏటిమర్పు రజని చాలా ఏళ్ళు భారత మహిళల టీములో సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గా ఉంది, సవితతో సమానంగా ప్రాక్టీసు చేసి, సవిత ఆడుతుంటే చూస్తూ కూర్చోవడం. మీ టీములోనూ పన్నెండేళ్ళుగా అలాంటివాడు ఒకడున్నాడు, ప్యాడ్లు మోసుకొచ్చేది వాడే. ఆ రోజు నోట్‌బుక్కు వాడి చేత ఇప్పించు.

పండగ వెళ్ళిన సోమవారం గురించి కూడా ఇప్పుడే ఆలోచించు. సాయంత్రం అయిదయ్యేసరికి వాడి కాళ్ళు వాటంతటవే గ్రౌండ్ వైపు లాగుతాయి, నాకు తెలుసు, నేను పడ్డాను. శ్రీజేష్‌కి ఆట మానగానే జూనియర్ టీము కోచింగ్ అప్పగించారు. మీరు స్టోర్ రూం తాళం అప్పగించండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు పదిమంది పోగైతే చాలు. జీతం ఇవ్వలేరు గానీ టీ ఖర్చు మీదే అని చెప్పు, వాడి చేత పెట్టించకు.

ముక్కనుమ రోజు తెల్లవారుజామునే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి వచ్చేస్తాను. అత్తయ్య అరిసెలు పంపుతానంటోంది. స్టేజీ మీద నాకు కుర్చీ వేయకు. గోల్‌పోస్ట్ వెనక, ఎడమ పక్క వెయ్యి. అన్నట్టు అక్కడ నెట్ చిరిగి ఉంటుంది, అంతకుముందే కుట్టించు.

ఉంటాను,
మీ మామయ్య