సంతకం పెట్టించుకున్నంత మాత్రాన హక్కు పోదు

(పాఠకుల ప్రశ్నలకు లేబర్ శాఖ విశ్రాంత అధికారిణి జవాబులు)

ప్రశ్న: అమ్మా, నేను ఒక ప్రైవేటు బడిలో ఆయమ్మని. పొద్దున్న ఏడింటికి బస్సులో గుంటల్ని ఎక్కించుకుని వచ్చిన కాడి నుంచి సాయంత్రం ఐదున్నర వరకూ గదులు తుడవడం, బాత్రూములు కడగడం, చిన్న గుంటలకి అన్నం తినిపించడం అన్నీ నేనే. చేతికిచ్చేది ఆరు వేలు. సంతకం పెట్టించుకునే పుస్తకంలో అంకె వేరేగా ఉంటది. అడిగితే ‘ఇది బడి, ఫ్యాక్టరీ కాదు, ఆ చట్టాలు మనకి తగలవు, ఒప్పుకునే కదా చేరావు’ అంటన్నారు. ఏటి చెయ్యమంటారు?
- ఒక ఆయమ్మ, చీపురుపల్లి మండలం

జవాబు: చెల్లెమ్మా, వాళ్లు చెప్పింది అబద్ధం. 1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రభుత్వం జాబితాలో చేర్చిన పనులకే వర్తించేది. ‘మేం ఆ జాబితాలో లేం’ అని తప్పుకునేవాళ్లకు అక్కడ సందు దొరికేది. దాని స్థానంలో పార్లమెంటు 2019లో ఆమోదించిన కొత్త చట్టం, వేతనాల కోడ్, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాక ఆ సందు మూసుకుపోయింది. ఊడ్చే మనిషి, వాచ్‌మన్, అటెండరు, బస్సు క్లీనరు, ఆఫీసు గుమస్తా... ఎవరికైనా సరే, ప్రభుత్వం నిర్ణయించిన కనీసానికి ఒక్క రూపాయి తగ్గించకూడదు.

‘ఒప్పుకునే చేరావు’ అన్నదానికీ విలువ లేదు. తక్కువ జీతం చాలని మీరు కాగితం మీద రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే. ఆకలికి తలవంచి ఒప్పుకున్నది ఇష్టంతో ఒప్పుకున్నట్టు కాదు.

ఇక ఆ పుస్తకం సంగతి. ఉద్యోగంలో ఉండగా అలాంటివి చాలా తిరగేశాను. ఏడాది పొడుగునా పెట్టాల్సిన సంతకాలు ఒకే పెన్నుతో, ఒక్క పూటలో పెట్టించినట్టు కనబడేవి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇక మీదట సంతకం పక్కన, చేతికి అందిన అంకె మీరే రాయండి. రాయనివ్వకపోతే, ఇంట్లో క్యాలెండరు మీద ఏ రోజున ఎంత ఇచ్చారో, ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వచ్చారో రాసుకోండి. జీతం చీటీ అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత. రుజువుల్లేవని మాత్రం వెనకాడకండి. జీతం పూర్తిగా ఇచ్చామని చూపించుకోవాల్సింది యజమానే. నిర్ణయించిన పనిగంటలు దాటాక చేసిన పనికి రెట్టింపు రేటు కట్టాలి.

మీకు రావాల్సింది ఎంతో తెలియాలంటే విజయనగరం లేబర్ ఆఫీసుకు వెళ్లి, మీ పనీ ఊరూ చెప్పి, అమల్లో ఉన్న రేట్ల కాగితం అడగండి. మూల వేతనం, ధరల పెరుగుదలను బట్టి కలిపే కరువు భత్యం విడివిడిగా ఉంటాయి. రెండూ కలిపితేనే మీ కనీసం. ఆ తర్వాత క్లెయిము, అంటే బాకీ ఇప్పించమని దరఖాస్తు, వేయవచ్చు. తగ్గించి ఇచ్చిన సొమ్ముతో పాటు, దానికి పది రెట్ల వరకూ పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. పాత చట్టంలో గడువు ఆరు నెలలే, ఇప్పుడు మూడేళ్లు. అయినా నాన్చవద్దు.

తీసేస్తారన్న భయం మీకుంటుందని తెలుసు. అందుకే ఒంటరిగా వెళ్లకండి. మీ బడిలో పనిచేసేవాళ్లంతా కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్టరైన సంఘంలో సభ్యులైతే సంఘమే మీ తరఫున వేస్తుంది.

ప్రశ్న: కాలేజీలో స్వీపర్ని. కాంట్రాక్టరు మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. ప్రిన్సిపాల్‌ని అడిగితే ‘అతన్నే అడుగు’ అంటున్నారు.
- శ్రీకాకుళం

జవాబు: నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే, మీరు ఎవరి ఆవరణ ఊడుస్తున్నారో ఆ సంస్థ యజమానే చెల్లించాలి. బాకీ నెలలు రాసి కాంట్రాక్టరుకీ ప్రిన్సిపాల్‌కీ చెరొక కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే లేబర్ ఆఫీసులో ఇద్దరి పేర్లూ రాయండి.

ప్రశ్న: సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. నెలకి మూడు వేలు. మాకు కనీస వేతనం రాదా?
- మెళియాపుట్టి మండలం

జవాబు: రావాలి తల్లీ, కానీ ఇవ్వడం లేదు. మీకిచ్చేదాన్ని ప్రభుత్వం జీతం అనదు, గౌరవ వేతనం అంటుంది. కేంద్రం 2009లో నెలకు 1,000 అంది, అదీ ఏడాదికి పది నెలలకే. మన రాష్ట్రం 2019లో 3,000 చేసింది. అంగన్‌వాడీ, ఆశా, మధ్యాహ్న భోజన సిబ్బందిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫార్సు చేసింది. ప్రభుత్వాలూ యజమానులూ సంఘాలూ కలిసి కూర్చునే సభ అది. అయినా అమలు చేయలేదు. పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అడిగినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఆ తల్లి పేరున వండేవాళ్లకు రోజుకు వంద రూపాయలా? నాకు మింగుడు పడదు.

మీ విషయం లేబర్ ఆఫీసు దరఖాస్తుతో తేలేది కాదు. మండలంలో వంట చేసేవాళ్లంతా కలిసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ ఇవ్వండి. ఆగిపోయిన సరుకుల బిల్లులుంటే నెలవారీగా అందులోనే రాయండి, రసీదు తీసుకోకుండా రావద్దు.